కందకి లేని దురద (పేట కబుర్లు – 31)

పోయిన ఆదివారం మా అమ్మ మేడ మీద పెంచుతున్న చేమ మొక్కల ఫొటో ఒకటి పెట్టాను. ఏడు పెయింట్ డబ్బాలు, ఏనుగు చెవుల్లాంటి ఆకులు, ఆకు మీద పాదరసంలా నిలబడ్డ నీటి చుక్క. కింద ఒక్క వాక్యం రాశాను: "ఈ మొక్కకి మా పేటలో ఉన్న చోటు ఊళ్లో లేదు, ఊళ్లో ఉన్న పరువు మా పేటలో లేదు."

లైకులు బాగానే వచ్చాయి. ఒక పాత కొలీగ్ మాత్రం కామెంట్ పెట్టాడు: "మొక్కల్లో కూడా కులమేనా బ్రదర్? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" దాని కింద నవ్వే బొమ్మలు వరసగా. మనిషి మంచివాడే. నా కూతురు పెళ్లికొచ్చి భోజనం కూడా చేసి వెళ్లాడు. అందుకే అక్కడే రెండు ముక్కలు విసిరి ఊరుకోలేకపోయాను. ఈ వారం అసలు రాద్దామనుకున్న స్కాలర్‌షిప్పుల సంగతి పక్కనపెట్టి దీని గురించే రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది. తీరిగ్గా చదవండి.

ముందు ఆ సామెత సంగతి చూద్దాం.

కందకి దురద లేదని ఎవరన్నారు? దురద దాని ఒంట్లోనే ఉంది. కంద, చేమ ఒకే కుటుంబం. రెండింటిలోనూ కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా ఉంటాయి. పచ్చి దుంప కొరికితే నాలుకలో, గొంతులో గుచ్చుకునేవి అవే. తనని ఎవడు పడితే వాడు తినేయకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు అది. కత్తిపీటకి దురద ఉండదు, నిజమే, అది ఇనుము. కానీ కత్తిపీట దానంతటది కొయ్యదు కదా. దాని ముందు ఒక మనిషి కూర్చోవాలి. ఆ మనిషి చేతికి దురద ఉంటుంది. సామెతలో కంద ఉంది, కత్తిపీట ఉంది, చెయ్యి లేదు.

మా అమ్మ కంద తవ్వకాలకి కూలికెళ్లేది. మగవాళ్లు గునపాలతో తవ్వి పడేస్తే, ఆడవాళ్లు కూర్చుని మట్టి దులిపి, వేళ్లు గిల్లి, పిలకలు విడదీసి కుప్ప పోసేవారు. సాయంత్రం ఇంటికొచ్చాక మోచేతుల దాకా దద్దుర్లు. చింతపండు పులుసు రాసుకుని కడుక్కుని, ఆ చేతుల్తోనే మాకు అన్నం పెట్టేది. ఆసామి గారింట్లో కంద బచ్చలి కూర వండి ఆవ పెట్టుకుని తిన్నప్పుడు వాళ్లకి దురద తెలియదు. అప్పటికి ఉడికిపోయి ఉంటుంది, పులుపు పడి ఉంటుంది. దురదంతా మా అమ్మ చేతుల్లో ఆగిపోయింది. కాబట్టి బ్రదర్, దురద ఎవరికి ఉందో మనం వేరే వేరే చోట్ల కూర్చుని చూస్తున్నాం. అంతే తేడా.

ఇక చేమ సంగతి.

మాది గోదావరి డెల్టా. చుట్టూ నీళ్లే. కాలవలు, బోదెలు, చెరువులు. కానీ మా పేటకి నీళ్లు అన్నింటికంటే చివర వచ్చేవి. ఊరి చెరువుకి పై రేవు ఊరోళ్లది, కింద రేవు పశువులది, ఆ కిందది మాది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగారని నేను పుస్తకంలో చదువుకున్నది పట్నంలో హాస్టల్‌కొచ్చాక. మా మామ్మకి ఆ సంగతి తెలియదు. కానీ ఏ రేవులో కడవ ముంచాలో, ఏ రేవు వైపు చూడకూడదో బాగా తెలుసు.

మా ఇల్లు రెండున్నర సెంట్లు. ముందు వసారా, ఒక గది, వెనక తడికల దొడ్డి. దొడ్డిలో స్నానానికి ఒక బండరాయి. ఆ రాయి మీంచి జారిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు, బియ్యం కడిగిన కుడితి పశువుకి పోసింది పోగా మిగిలినవి, అన్నీ ఒక చిన్న కాలవలా చేసి మా అమ్మ వెనక బోదెలోకి పంపేది. ఆ కాలవకి రెండు పక్కలా చేమ. ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తుంది, మాకు సొంతంగా ఉన్న నీళ్లంటే మేం వాడి వదిలేసిన నీళ్లే. వాటిని కూడా అమ్మ ఊరికే పోనివ్వలేదు.

చేమ అంత తెలివైన మొక్క మరోటి నేను చూడలేదు. ఎండ తక్కువైనా ఊరుకుంటుంది. చెమ్మ ఉంటే చాలు. ఆకు తినొచ్చు, కాడ తినొచ్చు, దుంప తినొచ్చు. మధ్యలో పెద్దది తల్లిదుంప, చుట్టూ పిల్లదుంపలు. పిల్లదుంపలు నున్నగా ఉంటాయి, మెత్తగా ఉడుకుతాయి, వాటికి సంతలో రేటు. తల్లిదుంప ముతక. అందుకని పిల్లదుంపలు సంతకి, తల్లిదుంపలు మాకు. వానాకాలంలో కూలి లేని రోజుల్లో చేమకాడల పులుసు, దాంట్లో గుప్పెడు ఎండు రొయ్యలు. ఆ పులుసు కోసం ఇప్పటికీ నా నాలుక కొట్టుకుంటుంది. కానీ అప్పట్లో బడికి ఆ టిఫిన్ తీసుకెళ్లాలంటే సిగ్గేసేది. "మురిక్కాలవ ఆకు తింటారు వీళ్లు" అనేవాళ్లు తోటి పిల్లలు. నేను మూత సగం తీసి, గోడ వైపు తిరిగి తినేవాణ్ని.

ఇప్పుడు అసలు కథ. ఇది మా అమ్మ నవ్వుతూ చెప్తుంది. నాకు మాత్రం ఎప్పుడు విన్నా నవ్వు రాదు.

మా ఊళ్లో కరణంగారింట తద్దినం. తద్దినం వంటకి టమాటా, క్యాబేజీ లాంటివి పనికిరావు. పాతకాలపు కూరలు కావాలి. అరటి, కంద, చేమ. ఆ వారం సంతలో చేమ లేదు. పేటలో ఉందని ఎవరో చెప్తే కబురొచ్చింది. అమ్మ తెల్లారకుండా లేచి, రెండు మొదళ్లు తవ్వి, బాగా కడిగి, కొత్త చాటలో పోసుకుని వాళ్ల దొడ్డి గుమ్మం దగ్గర నిలబడింది. అమ్మగారు వచ్చి చూసి, "ఏమే, ఇవి మీ దొడ్లోవేనా? మీ స్నానాల నీళ్లలో పెరిగినవా? తద్దినానికి ఎలా పనికొస్తాయే? తీసుకుపో" అంది.

అమ్మ వెనక్కి వచ్చేస్తుంటే దారిలో కూరగాయల కావడివాడు ఎదురయ్యాడు. ఎంతో కొంతకి అతనికి అమ్మేసింది. అతను అవే దుంపలు తన తట్టలో పోసుకుని, అదే గుమ్మానికి వెళ్లి, అమ్మ అడగాలనుకున్నదానికి రెట్టింపు రేటుకి అమ్ముకున్నాడు. ఆ రోజు కరణంగారి పితృదేవతలు మా దొడ్డి చేమ తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇప్పుడు చెప్పండి. ఆ దుంప ఎక్కడ శుద్ధి అయింది? నీళ్లు మారలేదు, మట్టి మారలేదు. చాట నుంచి తట్టలోకి మారింది, అంతే. "మొక్కల్లో కులమేనా" అంటే, మొక్కలో లేదు బ్రదర్. నేనెప్పుడూ ఉందనలేదు. అది పట్టుకున్న చేతిలో, అది పెరిగిన దొడ్లో, అది దాటాల్సిన గుమ్మంలో ఉంది.

"అది పాత కథలే, ఇప్పుడెక్కడుంది" అంటారని తెలుసు. అందుకే ఇప్పటి కథ కూడా చెప్తాను.

నాన్న పోయాక అమ్మని పట్నం తెచ్చుకున్నాను. పై అంతస్తులో అద్దెకుంటున్నాం, ఓనర్ గారు కింద. మొదట్లో అమ్మకి ఏమీ తోచేది కాదు. ఫిబ్రవరిలో ఊరెళ్లినప్పుడు కొంగున కట్టుకుని పిల్లదుంపలు తెచ్చింది. రంగులు వేసే కుర్రాళ్ల దగ్గర ఖాళీ డబ్బాలు అడిగి తెప్పించుకుంది. మేడ మీద నీడ పడే మూలన ఏడు డబ్బాలు పెట్టింది. అదే మేడ మీద ఓనర్ గారి గులాబీలు, మందారాలు, తులసి ఇరవై కుండీల దాకా ఉన్నాయి. మొదట్లో వాళ్లావిడ ముచ్చటపడింది. "మిద్దె తోటల వీడియోల్లో చూపిస్తున్నారండీ ఇదే, ఆర్గానిక్ అట" అంది. ఆకులు కూడా పట్టుకెళ్లింది.

ఏప్రిల్ 14న మా ఇంట్లో బాబాసాహెబ్ ఫొటోకి దండ వేశాం. నలుగురు మిత్రులొచ్చారు, చిన్న మైకు, కాసిన్ని పాటలు. మర్నాటి నుంచి స్లాబ్‌కి చెమ్మ దిగడం మొదలైంది. మరీ విచిత్రంగా, మా ఏడు డబ్బాల కిందే దిగింది. వాళ్ల ఇరవై కుండీల కింద దిగలేదు. తర్వాత దోమలన్నారు. తర్వాత వాసనన్నారు. చివరికి ఈ నెలాఖరుకి డబ్బాలు తీసెయ్యాలని కబురు పంపారు. కులం పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తరు కూడా. ఎత్తితే చట్టం ఉందని వాళ్లకీ తెలుసు.

అమ్మ ఒక్కటే మాట అంది: "దుంప ఇంకా ఊరలేదురా. ఇప్పుడు పీకితే గోలీకాయలంత ఉంటాయి."

మిత్రులారా, ఇక్కడ ఆగి ఒక లెక్క చూద్దాం. ఎందుకంటే ఇది మా ఓనర్ గారి బుద్ధి ఒక్కటే అయితే నేనింత రాయక్కర్లేదు, ఇల్లు మారితే సరిపోతుంది.

ఒక సెంటు అంటే 48.4 చదరపు గజాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్‌లో పేదలకి ఇళ్ల పట్టాలిచ్చినప్పుడు పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర ఇచ్చారు. ఇచ్చినందుకు సంతోషమే. పట్టా అక్కచెల్లెళ్ల పేరు మీద ఇవ్వడం ఇంకా సంతోషం. కానీ సెంటులో గది కట్టి, మరుగుదొడ్డి కట్టి, మెట్లు పెట్టాక దొడ్డి ఎక్కడ? స్నానం చేసిన నీళ్లు నేరుగా సిమెంటు డ్రైనేజీలోకి. ఒక చేమ పిలక పాతుకోవడానికి జానెడు మట్టి ఉండదు. ఇప్పటి ప్రభుత్వం పట్టణాల్లో రెండు, పల్లెల్లో మూడు సెంట్లంటోంది. అది కూడా ఇల్లు సరిపోయేంతే. తెలంగాణలో 2014 ఆగస్టు 15న దళితులకి మూడెకరాల పథకం మొదలుపెట్టారు. ఎంతమందికి అందిందో అక్కడి అన్నల్నే అడగండి, నాకంటే బాగా చెప్తారు.

ఇంకోపక్క అంగన్‌వాడీల్లో చెప్తారు: "పెరట్లో పోషకాహార తోట పెంచుకోండి, ఆకుకూరలు తినండి." మంచి మాటే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఆకుకూర తినాల్సిందే. కానీ పెరడు పెంచుకోమని చెప్పే ప్రభుత్వమే పెరడు లేని ఇంటి స్థలం ఇస్తోంది. ఒక శాఖ ఇచ్చిన సలహాకి ఇంకో శాఖ గోడ కట్టేస్తోంది.

దేశజనాభాలో మనం 2011 లెక్కల ప్రకారం 16.6 శాతం. సాగుభూమిలో మన చేతిలో ఉన్నది పదోవంతు కూడా లేదు. పొలం అడిగితే ఇళ్లస్థలం ఇచ్చారు. ఇళ్లస్థలం అడిగితే దొడ్డి కోసేసి ఇచ్చారు. ఇప్పుడు మేడ మీద డబ్బా పెట్టుకుంటే చెమ్మ దిగుతోందంటున్నారు. వరస చూడండి. ఎకరం నుంచి సెంటుకి, సెంటు నుంచి డబ్బాకి.

ఇలాగే జరగాలని రూలేమీ లేదు. కేరళలో భూసంస్కరణల చట్టం సవరణ 1970 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చినప్పుడు, భూస్వామి స్థలంలో గుడిసె వేసుకున్నవాళ్లకి గుడిసెతో పాటు చుట్టూ ఉన్న నేల మీద కూడా హక్కొచ్చింది. పంచాయతీల్లో అయితే పది సెంట్ల దాకా. పది సెంట్లంటే 484 గజాలు. నాలుగు కొబ్బరి చెట్లు, అరటి, కర్రపెండలం, చేమ పెట్టుకోవచ్చు. అయితే అక్కడి దళితులు దాన్ని చూసి చప్పట్లు కొట్టి కూర్చోలేదు. "పొలం కౌలుదారులకిచ్చి, పొలంలో కూలి చేసిన మాకు గుడిసె చుట్టూ నేలతో సరిపెట్టారు" అని నిలదీశారు. 2007లో చెంగరలో రబ్బరు తోటలో గుడిసెలు వేసుకుని కూర్చున్నది ఆ కోపంతోనే. వాళ్ల కోపం న్యాయం. కానీ మనకి ఆ పది సెంట్లు కూడా రాలేదని గుర్తుపెట్టుకోండి.

ఇంకో దేశం ముచ్చట కూడా చెప్పాలి. హవాయి దీవుల మూలవాసులు చేమని కలో అంటారు. వాళ్ల పురాణంలో మొదటి బిడ్డ చనిపోయి పుడితే పాతిపెట్టారట. అక్కణ్నుంచి చేమ మొలిచింది. తర్వాత పుట్టినవాడు మనిషి. అంటే చేమ వాళ్లకి అన్న, మనిషి తమ్ముడు. తమ్ముడు అన్నకి సేవ చెయ్యాలి, అన్న తమ్ముడికి అన్నం పెడతాడు. 19వ శతాబ్దంలో చెరకు తోటల కంపెనీలొచ్చి, కొండల్లోంచి కాలవలు తవ్వి, ఏళ్ల నీళ్లన్నీ చెరకుకి మళ్లించుకున్నాయి. కింద చేమ మడులు ఎండిపోయాయి. ఆ నీళ్ల కోసం వాళ్లు కోర్టుల్లో తరాలుగా కొట్లాడుతున్నారు. 2006లో అక్కడి యూనివర్సిటీ మూడు చేమ రకాల మీద తీసుకున్న పేటెంట్లని, "మా అన్న మీద నీకు హక్కేమిటి" అని మూలవాసులు పోరాడితే వదులుకోవాల్సి వచ్చింది.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ చేతులు గుర్తొచ్చాయి. అక్కడ ఒక జాతి చేమని అన్న అని తలెత్తుకుని చెప్పుకుంది. నేను అదే చేమని గోడ వైపు తిరిగి తిన్నాను. వాళ్ల నీళ్లూ పోయాయి, మన నీళ్లూ పోయాయి. కానీ వాళ్లు సిగ్గుపడలేదు. మన నేల లాక్కున్నవాళ్లు మన నాలుక రుచిని కూడా మురికి అని నమ్మించారు. నా మటుకు నాకు, నేల పోయినదానికంటే ఈ నమ్మకమే ఎక్కువ నష్టం చేసింది. ఆర్గానిక్ అని పేరు పెట్టి అదే ఆకుని సూపర్‌మార్కెట్‌లో ప్లాస్టిక్ కవర్లో అమ్మితేగానీ మన పిల్లలకి నచ్చట్లేదు.

అయితే ఊరి దొడ్డిని నేను స్వర్గంలా చూపించడం లేదు. ఊరు గురించి బాబాసాహెబ్ రాజ్యాంగ సభలో 1948 నవంబర్ 4న ఏమన్నారో మనకి తెలుసు. ఆ కంపులోకి వెనక్కెళదామని నేననను. ఆ దొడ్డి పనంతా అమ్మ ఒక్కతే చేసేది, మగాళ్లెవరూ చెయ్యి వెయ్యలేదు, నేనూ వెయ్యలేదు. నేనడిగేది ఊరు కాదు, నేల. పట్నంలో అయినా సరే, మన పేరు మీద, మన నీళ్లు పారేంత నేల. పల్లెలో ఇంటి స్థలం అయిదు సెంట్లకి తగ్గకూడదు. పట్నంలో కట్టిచ్చే కాలనీల్లో ప్రతి బ్లాకుకీ ఉమ్మడి దొడ్డి ఉండాలి, అది పార్కింగ్‌గా మారకూడదు. ఈ రెండు డిమాండ్లూ మన సంఘాల చార్టర్లో ఎందుకు లేవు? విగ్రహం ఎత్తు గురించి మాట్లాడుకున్నంత సేపు దొడ్డి వెడల్పు గురించి కూడా మాట్లాడుకుందాం.

ఇక డబ్బాల సంగతి చెప్పి ముగిస్తాను.

మా వీధిలో చెత్త తీసుకెళ్లే బండితో ఒక అక్క వస్తుంది. ఒకరోజు పైకి చూసి, "ఏం పెద్దమ్మా, చేమా అది?" అంది. ఆ పలకరింపుతో ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఓనర్ గారి కబురు సంగతి అమ్మ ఆమెకి చెప్పింది. శుక్రవారం సాయంత్రం ఆమె, వాళ్లాయన ఒక ట్రాలీ ఆటో వేసుకొచ్చారు. ఏడు డబ్బాలూ వాళ్ల కాలనీకి వెళ్లాయి. అక్కడా స్థలం లేదు. ఒక్కో గుమ్మం పక్కన ఒక్కో డబ్బా పెట్టారు, ఏడిళ్లకి ఏడు. అమ్మ ఒక షరతు పెట్టింది: దుంప ఊరాక ప్రతి డబ్బాలోంచి నాలుగు పిలకలు పక్కింటికివ్వాలి. రేటు లేదు.

మా మేడ మీద ఏడు గుండ్రటి మచ్చలు మిగిలాయి. ఓనర్ గారు మనిషిని పెట్టి కడిగించారు. కడగడానికొచ్చింది ఏ పేట మనిషో మీకు నేను చెప్పక్కర్లేదు.

పెంచుకోవాలనుకునేవాళ్లకి అమ్మ చెప్పిన పద్ధతి ఇది. ఫిబ్రవరి–మార్చిలోగానీ, తొలకరి పడ్డాకగానీ వెయ్యండి. మొలక కనిపిస్తున్న, కోడిగుడ్డంత పిల్లదుంప తీసుకోండి. అడుగున చిల్లులు పెట్టిన డబ్బాకి సగానికి కొంచెం పైదాకా మట్టి, మాగిన పశువుల గెత్తం కలిపి నింపి, మొలక పైకి ఉండేలా రెండు మూడు అంగుళాల లోతున పెట్టండి. మొక్క లేచాక మిగతా మట్టి మొదట్లోకి ఎగదోస్తూ ఉండండి, దుంప దాంట్లోనే ఊరుతుంది. మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి, నీళ్లు నిలబడి కుళ్లకూడదు. పూట ఎండ చాలు. బయటి ఆకులే కొయ్యండి, నడిమి ఆకు జోలికెళ్లొద్దు. ముసురు రోజుల్లో ఆకు మీద గోధుమరంగు తడి మచ్చలు గుండ్రంగా పాకితే ఆ ఆకు వెంటనే తీసి దూరంగా పడెయ్యండి. 1993లో సమోవా దీవుల్లో చేమ పంట మొత్తాన్ని తుడిచిపెట్టింది ఆ తెగులే. ఆరేడు నెలలకి ఆకులు పసుపెక్కి వాలిపోతాయి. అప్పుడు తవ్వండి, ముందు తొందరపడొద్దు. ఇంట్లో గిన్నెలు కడిగిన నీళ్లు పోయొచ్చుగానీ పట్నం మురిక్కాలవ నీళ్లు మాత్రం వద్దు, వాటిల్లో ఏ ఫ్యాక్టరీ విషం ఉందో ఎవరికి తెలుసు. చెక్కు తీసేముందు చేతికి నూనె రాసుకోండి, లేదా ఉడకబెట్టాకే తొక్క ఒలవండి. పులుసులో చింతపండు తగ్గించొద్దు.

ఇంకో మాట. చెక్కు తీసేది ఇంట్లో ఆడవాళ్లే కానక్కర్లేదు. ఈసారి నేను తీస్తానని అమ్మకి మాటిచ్చాను. దురద నా చేతిక్కూడా తెలియాలి.

బ్రదర్, దసరాలకి దుంపలు తవ్వుతారట ఆ కాలనీలో. నువ్వూ రా. ఎండు రొయ్యలేసి పులుసు పెడతారు. ఏ చాటలోవి, ఏ తట్టలోవి అని అడక్కుండా తిందువుగాని.

జై భీమ్.

(స్కాలర్‌షిప్పుల సంగతి వచ్చే ఆదివారం.)